ప్రశ్నలు – జవాబులు: ‘కలర్ ఆఫ్ నైట్’ను తిట్టిందెవరు, చూసిందెవరు?

గత సంచికలో అమెరికన్ దర్శకుడు రిచర్డ్ రష్ తీసిన ‘ది స్టంట్ మ్యాన్’ గురించి రాస్తూ, ఆయన ఆఖరి కథాచిత్రం ‘కలర్ ఆఫ్ నైట్’ (1994) పేరును ఒకే ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ వాక్యం గురించే ఉన్నాయి. కొందరు ఆ సినిమాను చెత్త అన్నారు, కొందరు తాము రహస్యంగా చూసిన సినిమా అన్నారు, ఒకరిద్దరు ఇలాంటి వాటికి పత్రికలో చోటెందుకని కోపగించుకున్నారు. కాబట్టి ఈసారి జవాబులన్నీ ఆ సినిమాకూ, దాని తోబుట్టువుల్లాంటి శృంగార థ్రిల్లర్లకూ కేటాయిస్తున్నాను. కథలోని రహస్యాన్ని బయటపెట్టకుండా కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. ముందుగా సినిమా చూడదలచినవారు చూసిన తరువాతే ఈ పుటలు చదవగలరు.

ప్రశ్న: ‘కలర్ ఆఫ్ నైట్’ను ఆ ఏటి అతి చెత్త చిత్రంగా గోల్డెన్ రాస్బెర్రీ వాళ్లు ఎంపిక చేశారు. మరుసటి ఏడాది అదే సినిమా వీడియో అద్దెల్లో ముందు వరుసలో నిలిచిందని చదివాను. ఈ రెండింటిలో ప్రేక్షకుల తీర్పు ఏది? (ఒక పాఠకుడు, విజయవాడ)

మీరు చదివినవి రెండూ నిజమే. 1994 ఆగస్టులో విడుదలైన ఈ సినిమాకు అయిన ఖర్చు దాదాపు 4 కోట్ల డాలర్లు. అమెరికా థియేటర్లలో వచ్చినది 2 కోట్లకు కాస్త తక్కువ. కథానాయకుడు బ్రూస్ విల్లిస్ అప్పటికే పెద్ద తార. రెండు నెలల తరువాత విడుదలైన ‘పల్ప్ ఫిక్షన్’లో ఆయనను జనం నెత్తిన పెట్టుకున్నారు కనుక, నటుడి మీద విముఖత వల్ల ‘కలర్ ఆఫ్ నైట్’ పోయిందనడానికి వీల్లేదు. అలా థియేటర్లో పోయిన సినిమాయే 1995లో అమెరికాలో అత్యధికంగా అద్దెకు వెళ్లిన మొదటి ఇరవై వీడియోల్లో చోటు సంపాదించింది.

బహుమతి సంగతి ముందు తేల్చుకుందాం. గోల్డెన్ రాస్బెర్రీ విమర్శకుల సంఘం ఇచ్చే బహుమతి కాదు. రుసుము కట్టి సభ్యుడైన వారెవరైనా అందులో ఓటు వేయవచ్చు, సినిమా చూసినట్టు రుజువు చూపనక్కరలేదు. ఆ ఏడాది పరిహాసానికి ఏ సినిమా బాగా దొరికిందన్నది ఆ ఓటు చెబుతుంది తప్ప, ఏది నిజంగా అధమమో చెప్పదు. ఒక పెద్ద తార నగ్నంగా నటించి, ఆ సినిమా డబ్బు కూడా పోగొట్టుకుంటే, అటువంటి ఓటింగులో దానికి ఎదురుండదు.

అద్దెల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. సినిమా హాలుకు వెళ్లడమంటే నలుగురి ఎదుట వెళ్లడం. టికెట్ ఇచ్చే మనిషి చూస్తాడు, వరుసలో నిలబడిన పొరుగింటివారు చూస్తారు, భార్యాభర్తలైతే ఏ సినిమాకు వెళ్లామో ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాలి. క్యాసెట్‌కు ఆ బెడద లేదు. పైగా సెన్సార్ రేటింగు కోసం థియేటర్ ప్రతిలో కోసేసిన దృశ్యాలు క్యాసెట్‌లో ఉన్నాయన్న ప్రచారం సినిమా కంటే ముందే ఇళ్లకు చేరింది. మన ఊళ్లలో తొంభైల నాటి వీడియో లైబ్రరీలను ఎరిగినవారికి ఇది వివరించనవసరం లేదు: మార్నింగ్ షోకు వెళితే పరువు పోతుందనుకునే పెద్దమనుషులకు, ఆ హాలు గడప తొక్కే స్వేచ్ఛే లేని స్త్రీలకు కూడా, అట్ట మీద పేరు రాయని క్యాసెట్ ఇంటికి వచ్చేది. అమెరికాలోనూ ఈ తరహా చిత్రాల ప్రేక్షకుల్లో స్త్రీలు గణనీయంగా ఉన్నారన్న సంగతి హాలు ముందు వరుసలను చూసి లెక్కగట్టేవారికి తెలియలేదు.

ఇందులో డబ్బుకు సంబంధించిన మెలిక కూడా ఒకటుంది. ఆ రోజుల్లో నిర్మాణ సంస్థ ఒక్కో క్యాసెట్‌ను అద్దె దుకాణానికి ఖరీదైన ధరకు ఒక్కసారి అమ్మేసేది. ఆ తరువాత అది పదిసార్లు అద్దెకు వెళ్లినా, రెండు వందల సార్లు వెళ్లినా వచ్చే డబ్బు దుకాణదారుడిదే. కాబట్టి జనం ఎంతమంది చూశారన్నది నిర్మాతల ఖాతాలో సరిగా కనిపించదు. అలాగని అద్దెకు తీసుకున్న ప్రతివారూ మెచ్చుకున్నారనీ అనలేం. కొందరు నవ్వుకోవడానికి, కొందరు రెండు దృశ్యాల కోసం, కొందరు హంతకుడెవరో తెలుసుకోవడానికి తీసుకుని ఉంటారు. అద్దె లెక్క చెప్పేది ‘చూశారు’ అన్నంతవరకే. అయినా ఆ ఒక్క మాటను విమర్శకులు లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే ఈ సినిమా గురించిన చర్చ ముప్పై ఏళ్లుగా ఒంటికాలి మీద నడుస్తోందని నా అభిప్రాయం.

ప్రశ్న: విమర్శకులు దీనిని అంతగా తిట్టడానికి కారణం నగ్నత్వమేనా, లేక కథలో నిజంగా లోపాలున్నాయా? (ఒక పాఠకుడు, వరంగల్)

లోపాలు చాలా ఉన్నాయి. ఎక్కువమంది సమీక్షకులు ఎత్తిచూపినవి ఒకటైతే, చూపవలసినది మరొకటి అని నేను నమ్ముతున్నాను.

కథ క్లుప్తంగా ఇది. న్యూయార్క్‌లోని మనస్తత్వ వైద్యుడు బిల్ కేపా మాటలకు మనసు చెదిరిన ఒక రోగి, ఆయన కళ్ల ముందే ఎత్తయిన భవనం కిటికీలోంచి దూకి మరణిస్తుంది. కింద పడి ఉన్న ఆమె ఆకుపచ్చ దుస్తుల మీద, చుట్టూ పరుచుకున్న నెత్తుటిని చూస్తుండగానే ఆయన కంటికి ఎరుపు రంగు మాయమవుతుంది. ఆ దిగులుతో లాస్ ఏంజెలెస్‌లోని స్నేహితుడి దగ్గరకు వెళతాడు. ఆ స్నేహితుడు కూడా మానసిక వైద్యుడే. సోమవారాల్లో ఐదుగురు రోగులను కూర్చోబెట్టి బృంద చికిత్స జరుపుతుంటాడు. ఆయన హత్యకు గురవుతాడు, ఆ బృందం కేపా చేతికి వస్తుంది, ఈలోగా రోజ్ అనే యువతి ఆయన జీవితంలోకి ప్రవేశిస్తుంది. హంతకుడు ఆ ఐదుగురిలో ఉన్నాడా అన్నది కథ నడిపే ప్రశ్న.

సమీక్షకుల మొదటి ఆక్షేపణ న్యాయమైనదే. బృందంలో రిచీ అనే నత్తి కుర్రవాడి వేషంలో ఉన్నది రోజ్ పాత్రధారిణి జేన్ మార్చేనని ప్రేక్షకుడు చాలా త్వరగా కనిపెట్టేస్తాడు. పెట్టుడు జుట్టు, కళ్లద్దాలు, అదోలాంటి గొంతు ఉన్నా దవడ, పెదవులు అవే. సినిమా మాత్రం చివరి అరగంట వరకు ఆ రహస్యాన్ని అపురూపంగా దాచిపెట్టి, చివర మనం ఉలిక్కిపడాలని ఆశిస్తుంది. థ్రిల్లర్‌లో ప్రేక్షకుడు కథ కంటే ముందు నడిస్తే ఉత్కంఠ అనేది ఉండదు. సంభాషణలు ఒకచోట బరువుగా, మరోచోట అపహాస్యంగా ఉండటం, రూబెన్ బ్లేడ్స్ పోషించిన పోలీసు అధికారి వేరే సినిమాలోంచి వచ్చినట్టు మాట్లాడటం వంటివి కూడా వాళ్లు రాశారు. వాటితో నాకు పేచీ లేదు.

నగ్న దృశ్యాల మీద అంత హాస్యం ఒలకబోసినవారు రిచీ అసలు కథ దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మౌనం వహించారన్నదే నా బాధ. రిచీ ఒకప్పుడు నిజంగా ఉన్న బాలుడు. ఒక పిల్లల మానసిక వైద్యుడి చేతిలో లైంగిక హింసకు గురై ఉరివేసుకున్నాడు. అతని అన్న తన చెల్లెలిని బెదిరించి, హింసించి, చనిపోయిన ఆ సోదరుడిగా బతికేలా చేశాడు. ఇది చాలా దారుణమైన విషయం. దీనిని మోసే బాధ్యత తీసుకోకుండా, ఒక మలుపు కోసం, ఆ పై ఒక అందమైన యువతిని రక్షించే పతాక సన్నివేశం కోసం వాడుకోవడం ఈ సినిమా చేసిన అసలు తప్పు. బృందంలోని మిగతా నలుగురినీ గమనించండి. శుభ్రత పిచ్చి ఉన్న వకీలు, చేతివాటం వదల్లేని సంపన్న స్త్రీ, భార్యాబిడ్డలను పోగొట్టుకున్న మాజీ పోలీసు, హింసను చిత్రాలుగా గీసే ధనిక యువకుడు: నటులందరూ సమర్థులే అయినా ఆ పాత్రలను అనుమానితుల జాబితాగా నిలబెట్టారు తప్ప బాధపడే మనుషులుగా చూపలేదు. ‘మానసిక రోగి అంటే హంతకుడై ఉండవచ్చు’ అనే భావాన్ని ఇటువంటి సినిమాలు ఎన్ని ఇళ్లలోకి మోసుకెళ్లాయో తలచుకుంటే, ఈత కొలనులోని రెండు నిమిషాల నగ్నత్వం నాకు చిన్న విషయంగా తోస్తుంది.

ప్రశ్న: దర్శకుడి కూర్పు (డైరెక్టర్స్ కట్) వేరేగా ఉందంటారు. అది చూస్తే అభిప్రాయం మారుతుందా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

కొంత మారుతుంది. నిర్మాత ఆండ్రూ వాజ్నాకు, రష్‌కు మధ్య సినిమా ఏ రూపంలో బయటికి రావాలనే విషయంలో తీవ్రమైన గొడవ జరిగింది. చివరికి నిర్మాత కూర్పు థియేటర్లకు, దర్శకుడి కూర్పు వీడియోకు వెళ్లేలా రాజీ కుదిరింది. ఆ గొడవల కాలంలోనే రష్‌కు గుండెపోటు వచ్చింది. థియేటర్ ప్రతి సుమారు 2 గంటలుంటే, దర్శకుడిది దానికంటే దాదాపు 20 నిమిషాలు పెద్దది.

పెరిగింది శృంగారమే అనుకుంటే పొరపాటు. బృందంలోని ఒక్కొక్కరినీ రోజ్ వేర్వేరు పేర్లతో, వేర్వేరు స్వభావాలతో కలుసుకుంటోందన్న అంశం ఈ కూర్పులో స్పష్టపడుతుంది. దాంతో మిగతా నలుగురి ప్రవర్తనకు ఒక కారణం దొరుకుతుంది. ‘ది స్టంట్ మ్యాన్’కు దర్శకత్వానికీ, స్క్రీన్‌ప్లేకీ ఆస్కార్ నామినేషన్లు పొందిన మనిషి, ఏది నిజమో ఏది వేషమో తేలనివ్వని కథలంటే ప్రాణం పెట్టే మనిషి, పద్నాలుగేళ్ల తరువాత ఈ కథను ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు అర్థమవుతుంది. అయినా రిచీ వేషం తేలిపోవడం అక్కడా తేలిపోవడమే. ఆ తరువాత ఆయన మరో కథాచిత్రం తీయలేదు. 2021లో, 91 ఏళ్ల వయసులో మరణించారు. ఒక్క సినిమా మీద కురిసిన హేళన ఒక దర్శకుడి వృత్తిజీవితాన్ని ఎలా ముగించగలదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కరలేదు.

ప్రశ్న: ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ కూడా ఇదే కోవకు చెందినది కదా! దానికి ఆస్కార్ నామినేషన్లు, దీనికి చెత్త బహుమతి. ఈ పక్షపాతం ఎందుకు? (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ను కూడా ఆ చెత్త బహుమతులవాళ్లు వదిలిపెట్టలేదని మొదట చెప్పాలి. 1992లో విడుదలైన ఆ సినిమాకు ఎడిటింగ్, నేపథ్య సంగీతం విభాగాల్లో రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. అదే సినిమాకు మైకేల్ డగ్లస్‌తో సహా ముగ్గురు నటీనటులు రాస్బెర్రీకి నామినేట్ అయ్యారు. షారన్ స్టోన్‌ను ఉత్తమ నటి వరుసలో గోల్డెన్ గ్లోబ్ వారు నిలబెడితే, చెత్త కొత్త తారల వరుసలో రాస్బెర్రీవారు నిలబెట్టారు. ఒకే నటన, ఒకే ఏడాది. ఈ తరహా సినిమాను ఏ కొలబద్ద పెట్టి కొలవాలో ఎవరికీ నిశ్చయంగా తెలియదన్న సంగతి ఇక్కడే బయటపడుతుంది.

పక్షపాతం లేదనలేను, కానీ భేదం కూడా ఉంది. పాల్ వెర్‌హూవెన్ దర్శకత్వం, యాన్ డి బాంట్ ఛాయాగ్రహణం, జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం ఆ సినిమాలో ఒకే దిశలో లాగుతాయి. గోల్డ్‌స్మిత్ వినిపించిన ఆ తీగల సంగీతంలో కోరిక ఎక్కడ ముగిసి భయం ఎక్కడ మొదలైందో చెప్పలేం. కథ ఎంత చవకబారుదైనా తీసినవాళ్లకు తాము ఏం తీస్తున్నారో తెలుసు; ‘కలర్ ఆఫ్ నైట్’లో ఆ ఏకాభిప్రాయం లేదు. జో ఎస్టర్‌హాస్ రాసిన ఆ స్క్రిప్టు 30 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి అప్పటికి రికార్డు సృష్టించింది. సినిమా ప్రపంచవ్యాప్తంగా 35 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

మీ ప్రశ్నలో లేకపోయినా ఆ సినిమాకు ఎదురైన ఒక ప్రతిస్పందన గురించి తప్పక రాయాలి. 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చిత్రీకరణ జరుగుతుండగానే స్వలింగ సంపర్కుల హక్కుల కార్యకర్తలు వీధుల్లో అడ్డుకున్నారు. ఆడవారిని ప్రేమించే స్త్రీలందరూ హంతకులుగానో, హంతకులని అనుమానించదగిన వారిగానో స్క్రిప్టులో కనిపిస్తున్నారన్నది వారి అభ్యంతరం. ఈలలు వేసి, చప్పుడు చేసి షూటింగ్ ఆపడానికి ప్రయత్నించారు. నిర్మాతలు కోర్టు ఉత్తర్వులు తెచ్చుకోవలసి వచ్చింది. ఎస్టర్‌హాస్ వారితో కూర్చుని మాట్లాడి కొన్ని మార్పులకు సిద్ధపడినా, వెర్‌హూవెన్ ఒప్పుకోలేదు. విడుదల రోజున ఆ కార్యకర్తలు హాళ్ల ముందు నిలబడి హంతకురాలి పేరును అట్టల మీద రాసి చూపించారు. సినిమా విరగబడి ఆడింది గనుక నిరసన ఓడిపోయిందని చాలామంది తేల్చేశారు. నేను అలా అనుకోను. హాలీవుడ్ తమను తెర మీద ఎలా చూపుతోందని ఒక సమూహం సినిమా పూర్తికాకముందే ప్రశ్నించి, దేశమంతా ఆ ప్రశ్నను వినేలా చేయడం ప్రేక్షక ప్రతిస్పందనలో ఒక భాగం, బహుశా అందులో అన్నిటికంటే ఆలోచనతో కూడిన భాగం. అటువైపు రచయిత్రి కెమిల్ పాలియా ఆ నాయికను బలమైన స్త్రీ రూపంగా మెచ్చుకుని, తరువాత డీవీడీకి వ్యాఖ్యానం కూడా చెప్పారు. ఈ రెండు వాదాలూ సినిమాను శ్రద్ధగా చూసినవారి వాదాలే.

2006లో వచ్చిన రెండవ భాగం గురించి అడిగినవారికి ఒక్క మాట: 7 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో సుమారు 60 లక్షలు వచ్చాయి. రాస్బెర్రీలు నాలుగు వచ్చాయి. అంతకు మించి దాని గురించి రాయడానికి నాకేమీ కనిపించలేదు.

ప్రశ్న: ప్రేక్షకుల అభిరుచికి తగినట్టు సినిమా ముగింపునే మార్చేస్తారట. అది మంచిదేనా? (ఒక పాఠకుడు, గుంటూరు)

మీరు అడుగుతున్నది బహుశా ‘ఫేటల్ అట్రాక్షన్’ (1987) గురించి. ఈ తరహా సినిమాలన్నిటికీ తలుపు తెరిచినది అదే కనుక కాస్త వివరంగా చెబుతాను. పెళ్లయిన ఒక వకీలు రెండు రోజుల పాటు ఒక స్త్రీతో గడిపి, తరువాత ఆమెను వదిలించుకోవాలని చూస్తాడు. మొదట తీసిన ముగింపులో ఆమె ‘మదామ్ బటర్‌ఫ్లై’ ఒపెరా సంగీతం వింటూ ఆత్మహత్య చేసుకుంటుంది, కత్తి మీద వేలిముద్రలు అతనివి కావడంతో నేరం అతని మీద పడుతుంది. విడుదలకు ముందు పరీక్షా ప్రదర్శనలు వేస్తే ప్రేక్షకులకు అది నచ్చలేదు. ఆమెకు శిక్ష పడాలని వారు కోరుకున్నారు. పారామౌంట్ సంస్థ మళ్లీ చిత్రీకరణ జరిపి, స్నానాల గదిలో భార్య చేతి తుపాకీ గుండుకు ఆమె చనిపోయే ముగింపును అతికించింది. ఆ పాత్ర వేసిన గ్లెన్ క్లోజ్ ఆ మార్పును గట్టిగా వ్యతిరేకించారు. నటించడానికి ముందు ఆమె స్క్రిప్టును మానసిక వైద్యులకు చూపించి, ఆ స్త్రీ ప్రవర్తనకు గల కారణాలను అడిగి తెలుసుకున్నారు. అంత శ్రమపడి అర్థం చేసుకున్న మనిషిని చివరకు కత్తి పట్టిన రాక్షసిగా మార్చారన్నది ఆమె బాధ.

వ్యాపారపరంగా నిర్మాతలు గెలిచారు. 32 కోట్ల డాలర్ల వసూళ్లు, ఉత్తమ చిత్రంతో సహా ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఆమెను చంపేయమని హాళ్లలో జనం కేకలు పెట్టారు. ఆ కేకలను నేను తేలికగా తీసుకోలేను. తప్పు చేసిన భర్త తన ఇంటికి, కూతురి దగ్గరకు క్షేమంగా చేరుకుంటాడు. మనసు చెదిరిన ఆ స్త్రీ చావును వందలమంది చప్పట్లతో ఆహ్వానిస్తారు. ప్రేక్షకుడు ఏం కోరుతున్నాడో అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు, కథ అర్థం కాలేదనో, నడక మందగించిందనో చెబితే సరిదిద్దుకోవచ్చు. కానీ ఎవరు చావాలన్నది ఓటింగుతో తేల్చడం మొదలుపెడితే, రచయిత చేతిలో ఉండవలసిన నైతిక బాధ్యత ఎవరి చేతిలోనూ లేకుండా పోతుంది.

ప్రశ్న: ఇక్కడి మా అమ్మాయి, ఆమె స్నేహితులు ఈ పాత సినిమాలను ఎంతో గౌరవంగా చూస్తున్నారు. ఒకప్పటి చెత్త ఇప్పుడు కళ ఎలా అయింది? (ఒక పాఠకురాలు, డాలస్)

కళ అయిందని వాళ్లు కూడా అంటున్నారనుకోను. విమర్శకురాలు పాలీన్ కేల్ 1969లోనే ఒక ప్రసిద్ధ వ్యాసంలో, గొప్ప కళాఖండాలు సినిమాల్లో చాలా అరుదు కనుక మంచి చెత్తను ఆస్వాదించలేనివారికి సినిమాల మీద ఆసక్తి కలగడానికి కారణమే తక్కువని వాదించారు. చెత్తను ఇష్టపడమన్నారు తప్ప, దానిని కళ అని బుకాయించమని ఆమె అనలేదు. ఈ తేడా ముఖ్యమైనది. 1998లో ‘వైల్డ్ థింగ్స్’ వచ్చినప్పుడు సినీ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దానిని చెత్త అంటూనే మెచ్చుకుని మూడు నక్షత్రాలు ఇచ్చారు. ఫ్లోరిడా చిత్తడి నేలల మధ్య మోసం మీద మోసం పేర్చుకుంటూ పోయే ఆ కథ, తెర మీద పేర్లు పడుతున్నప్పుడు కూడా ఇంకా విప్పుతూనే ఉంటుంది. తాను ఏమిటో ఆ సినిమాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

మీ అమ్మాయి తరానికి మరో కారణం కూడా ఉందని నా ఊహ. 1995 శరదృతువులో ఎస్టర్‌హాస్ రాసిన ‘షోగర్ల్స్’, ‘జేడ్’ వారాల తేడాతో విడుదలై రెండూ దెబ్బతిన్నాయి. ‘ఎక్సార్సిస్ట్’ తీసిన విలియం ఫ్రీడ్‌కిన్ దర్శకత్వం వహించినా, 5 కోట్ల డాలర్ల ‘జేడ్’ అమెరికాలో కోటి కూడా రాబట్టలేకపోయింది. ఆ తరువాత పెద్ద సంస్థలు పెద్దవాళ్ల కోరికల గురించి సినిమాలు తీయడం క్రమంగా తగ్గించేశాయి. ఈనాటి భారీ చిత్రాల్లో వీరులకు అందమైన శరీరాలున్నాయి కానీ ఆ శరీరాలకు కోరికలు లేవు. పరిశోధకురాలు లిండా రూత్ విలియమ్స్ 2005లోనే ఈ తరహా మీద ఒక పెద్ద గ్రంథం రాశారు. కరీనా లాంగ్‌వర్త్ తన పాడ్‌కాస్ట్‌లో ఎనభైల, తొంభైల శృంగార చిత్రాల చరిత్రను రెండు భాగాలుగా చెప్పారు. వెతికేవారు పెరగడానికి కారణం అవి మేలిమివి కావడం కాదు, ఆ స్థానంలో మరేదీ రాకపోవడం.

ప్రశ్న: ఇటువంటి సినిమాకు పత్రికలో సమీక్ష రాయడమంటేనే ప్రచారం చేయడం కాదా? మౌనంగా ఉండటం మంచిది కాదా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, విశాఖపట్నం)

మాస్టారూ, మీ ఆవేదనను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. మౌనం వల్ల ఏ సినిమా ఆగలేదని వీడియో అద్దెల చరిత్ర చెబుతోంది. ఆగేది ప్రశ్న మాత్రమే.

‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’లోని పోలీసు విచారణ దృశ్యాన్నే తీసుకోండి. ఐదారుగురు మగవారి ఎదుట తెల్లని దుస్తుల్లో కూర్చున్న నాయిక కాళ్లు మార్చి వేసుకునే ఆ క్షణం గురించి 1992లో ఎన్నో హాస్యపు రాతలు వచ్చాయి. దాని మీద రాయకపోవడమే మర్యాద అని గంభీరమైన పత్రికలు అనుకున్నాయి. 2021లో షారన్ స్టోన్ తన ఆత్మకథలో ఆ దృశ్యం గురించి రాశారు: తెల్లటి లోదుస్తుల మీద వెలుతురు పడి మెరుస్తోందని, ఏమీ కనిపించదని చెప్పి వాటిని తీసేయించారని, ఏజెంట్లు, లాయర్లు నిండిన గదిలో సినిమా చూస్తున్నప్పుడే అసలు సంగతి తనకు తెలిసిందని, లేచి వెళ్లి దర్శకుడి చెంప మీద కొట్టానని. ఏం చిత్రిస్తున్నామో ఆమెకు తెలుసని వెర్‌హూవెన్ చెబుతూ వచ్చారు. లాయరును సంప్రదించి, విడుదలను అడ్డుకోగలనని తెలిసి కూడా, చివరకు ఆ పాత్రకు అవసరమన్న ఆలోచనతో తానే అంగీకరించానని కూడా ఆమె రాశారు.

ఆమె మాట, దర్శకుడి మాట పక్కపక్కన పెట్టి ఎవరిది నిజమని తేల్చడానికి నేను ఆ గదిలో లేను. నేనడిగేది వేరు. ఆ దృశ్యం కోట్లమంది చూశారు, వేలమంది దాని గురించి రాశారు. అది ఎలా తీశారు, ఆమెకు ఏం చెప్పి తీశారు, కూర్పు పూర్తయ్యాక ఆమెకు ముందుగా చూపించారా అన్న మూడు ప్రశ్నలు ఆనాడే అడిగినవారు ఎందరు? నవ్వినవారు అడగలేదు, ముఖం తిప్పుకున్నవారూ అడగలేదు. ఈనాడు శృంగార దృశ్యాల చిత్రీకరణను పర్యవేక్షించడానికి ప్రత్యేకంగా ఒక మనిషిని నియమిస్తున్నారు. హెచ్‌బీఓ 2018లో తన నిర్మాణాల్లో దానిని ఆనవాయితీగా మార్చింది. ఎవరు ఎక్కడ చేయి వేయాలో, ఏ కోణంలో ఏది కనిపిస్తుందో ముందే కాగితం మీద రాసుకుని, నటీనటుల అంగీకారం తీసుకుని, ఆ తరువాతే కెమెరా తిప్పుతారు. ఈ మార్పును తెచ్చినది మౌనం పాటించినవారు కాదు. తమకు జరిగినది సిగ్గుపడకుండా చెప్పిన స్త్రీలు, వారి మాటను రాసిపెట్టిన పాత్రికేయులు. మన భాషల్లోనూ ఇటువంటి సినిమాలు వస్తూనే ఉన్నాయి, వాటిలో నటించిన అమ్మాయిల పేర్లు వెక్కిరింపులుగా మాత్రమే మిగిలిపోతున్నాయి. కనీసం ఒక సమీక్షలోనైనా ఆ పేరుతో ఒక నటి ఉందని, ఆమె ఏదో ఒకటి బాగా చేసిందనో చేయలేదనో రాస్తే అది ప్రచారం అవుతుందని నేననుకోను.

ప్రశ్న: ఇంత చెప్పారు కనుక, చూడాలనుకుంటే ‘కలర్ ఆఫ్ నైట్’ ఏ రూపంలో చూడాలి? ఇంట్లో పదో తరగతి పిల్లవాడు ఉన్నాడు. (ఒక పాఠకుడు, నెల్లూరు)

దర్శకుడి కూర్పునే చూడండి. 2018లో వచ్చిన బ్లూరే ముద్రణలో రెండు కూర్పులూ ఉన్నాయి. ఓపిక ఉంటే బృంద చికిత్స సన్నివేశాలను రెండింటిలోనూ పక్కపక్కన పోల్చి చూస్తే, ఎడిటింగ్ ఒక పాత్రను ఎంత మార్చగలదో తెలుస్తుంది. ఆరంభంలోని ఆత్మహత్య దృశ్యం, పతాక సన్నివేశంలోని హింస కూడా తీవ్రంగా ఉంటాయి కనుక, శృంగారం సంగతి పక్కన పెట్టినా ఇది పద్దెనిమిది నిండినవారి సినిమాయే. మీ అబ్బాయి చదువు ముగించుకుని నిద్రపోయిన తరువాత చూడండి. అతను పెద్దవాడయ్యాక అడిగితే, చూశామని చెప్పడానికి మాత్రం మొహమాటపడకండి.